నడుం చుట్టూ చేతులు

మా వదిన ఏడవగా నేను చూడలేదు. అన్నయ్య పోయిన రోజు కూడా చూడలేదు. ఆడపడుచు అర్ధమొగుడు అంటారు కదా, ఆ హోదాలో పక్కనే కూచుని మరీ కనిపెట్టాను. వచ్చినవాళ్ళకి కుర్చీలు వేయించింది, మంచినీళ్ళు ఇప్పించింది, అన్నయ్య కళ్ళజోడు తుడిచి పెట్టెలో పెట్టింది. మర్నాడు పొద్దున్నే పనిలోకి వెళ్ళిపోయింది. జిగురు నానబెట్టి ఉందట, పాడైపోతుందట. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట చాలా కాలం ఆరలేదు.

మేం ముగ్గురం ఒకే చోట పనిచేసేవాళ్ళం. పాత చిత్రాలని జనానికి చూపించే పెద్ద భవనం అది. కింది అంతస్తులో, మెట్ల వెనక, మా మరమ్మతు గది. రంగు పెచ్చులూడినా, గుడ్డ చిరిగినా, చెక్కకి పురుగు పట్టినా బొమ్మ మా దగ్గరికే వస్తుంది. వదిన ఆ గదికి పెద్ద. అన్నయ్య ఆవిడ చేతికింద పనిచేసేవాడు. ఇంట్లోనూ అంతేగా అని నేను ఏడిపిస్తే నవ్వి ఊరుకునేవాడు, నోట్లో నాలుక లేని మనిషి. నాది ఫ్రేముల పని. విరిగిన అంచులు అతికి, బంగారు రేకు వేసి, కొత్తది పాతదానిలో కలిసిపోయేలా చేస్తాను. అందుకే అన్నయ్య నన్ను ‘రేకు’ అనేవాడు. నేను పెళ్ళి చేసుకోలేదు. వాళ్ళకి పిల్లల్లేరు. వాళ్ళింట్లోనే పై గదిలో ఉండేదాన్ని, ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

భవనం పై అంతస్తులో ఒక పొడవాటి గది ఉంది. దాని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, మేమంతా ‘వీడ్కోళ్ళ గది’ అంటాం. పురాణాల్లోంచీ పాత కావ్యాల్లోంచీ తీసుకుని వేసిన బొమ్మలు. ఇచ్చిన మాట కోసం రాజ్యం వదిలి పోతున్న రాజు. మొక్కు తీర్చడానికి కూతురి చెయ్యి వదిలేస్తున్న తండ్రి. ప్రేమించినవాడు కోట బయట శత్రువుల్లో ఉంటే, లోపల తలుపు తాళం పట్టుకుని నిలబడ్డ పిల్ల. ఇటు ప్రేమ, అటు ధర్మం, మధ్యలో ఒక మనిషి నలిగిపోవడం. మగవాళ్ళందరూ దూరంగా ఎటో చూస్తుంటారు, ఆడవాళ్ళందరూ నేల చూస్తుంటారు. “వీళ్ళల్లో ఒక్కొక్కరూ ‘రేపు వెళ్దాంలే’ అనుకుని ఉంటే ఈ గది ఖాళీగా ఉండేది” అనేవాడు అన్నయ్య.

అక్కడ మధ్య గోడ మీది బొమ్మతోనే నాకు పని. శత్రువులు కోటని చుట్టుముట్టారు. సేనాని గడప మీద ఒక కాలు పెట్టి నిలబడ్డాడు, మొహం బయటివైపు. భార్య అతనికి బాగా దగ్గరగా, తల వంచుకుని, రెండు చేతులూ అతని నడుం వైపు చాచి ఉంది. అతను తిరిగి రాడని కావ్యం చదివినవాళ్ళకి తెలుసు. చదవనివాళ్ళకి పక్కన అంటించిన చీటీ చెప్తుంది.

ఒక వానాకాలం పైకప్పు కారి, నీళ్ళు ఆ బొమ్మ వెనకనించి దిగాయి. ఎవరూ చూసుకోలేదు. చూసుకునేసరికి బొమ్మ మధ్యలో రంగంతా పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది. ఆవిడ మోచేతుల నించి వేళ్ళ దాకా లేదు. అతని నడుం లేదు. ఆవిడ బుగ్గ మీద కూడా గోరంత పెచ్చు లేచిపోయింది. భవనంలో ఉన్న పాత ఫొటోలో ఆ భాగమంతా చీకటి ముద్ద. మోచేతులు తిరిగిన తీరు చూస్తే అది కౌగిలేనని మా ముగ్గురికీ అనిపించింది. పోయేవాడిని పెళ్ళాం నడుం చుట్టూ పట్టుకుంది, ఇంకేం చేస్తుంది?

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. పాత చిత్రకారుడి రంగు మీద మన రంగు పడకూడదు. రాలిన చోట సుద్దా జిగురూ కలిపిన లప్పం నింపి, ఆ లప్పం మీదే వెయ్యాలి. వేసేది కూడా నీటిరంగే. నూనె రంగు వేస్తే బొమ్మలో కలిసిపోయి శాశ్వతంగా ఉండిపోతుంది. నీటిరంగైతే, రేపు మనకన్నా బాగా తెలిసినవాళ్ళు వస్తే తుడిచేసి సరిగ్గా వేసుకుంటారు. కొత్తగా చేరినవాళ్ళకి వదిన మొదటిరోజు చెప్పేది ఇదే: “మన పని ఉమ్ముతో పోవాలి.” వినేవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆవిడ నవ్వేది కాదు.

చేతులు వెయ్యడానికి అన్నయ్యకి నమూనా కావాల్సొచ్చింది. వదినని లాక్కొచ్చి గది మధ్యలో నిలబెట్టాడు.

“రేకూ, నువ్వు గియ్యి. నా నడుం నాకెలా కనపడుతుంది?”

“తొందరగా కానివ్వండి, పొయ్యి మీద జిగురుంది” అంది వదిన, చేతులు ఏదో మొక్కుబడిగా అతని నడుం మీద ఆనించి.

“గట్టిగా పట్టుకో. సేనాని యుద్ధానికి పోతున్నాడు, బజారుకి కాదు.”

వదిన విసుక్కుని గట్టిగానే పట్టుకుంది. నేను గీస్తూ తలెత్తి చూస్తే ఆయన మొహం వేరేగా ఉంది. పెళ్ళయి అన్నేళ్ళయినా వాళ్ళిద్దరూ అలా నిలబడగా నేను చూడటం అదే మొదలు. నేను గీయడం ఎప్పుడో అయిపోయింది, కానీ అయిందని చెప్పబుద్ధి కాలేదు. చివరికి జిగురు మాడిన వాసన వచ్చి వదినే వదిలేసి పరిగెత్తింది.

అన్నయ్య ఆ చేతుల్ని ఉన్నవి ఉన్నట్టే వేశాడు. ఒకప్పుడు ఫ్రేము మీద పడి వంకరపోయిన వదిన చిటికెనవేలుతో సహా వేశాడు. బుగ్గ మీద పెచ్చు లేచిన చోట ఒక కన్నీటిచుక్క పెట్టాడు. వదిన చూసి “ఇదెక్కడిది?” అంది. అక్కడ కాస్త మెరుపు మిగిలిందన్నాడు అన్నయ్య. మెరుపూ లేదు, పాడూ లేదు. వదినకీ తెలుసు. అయినా ఏమీ అనలేదు. ఆవిడ పనిలో చూసీ చూడనట్టు వదిలేసింది నాకు తెలిసి అదొక్కటే.

బొమ్మ మళ్ళీ పైకెక్కింది. జనం ఆ చుక్క ముందు గుంపులు కట్టారు. పిల్లలతో వచ్చిన టీచర్లు అక్కడ ఆగి గొంతు సవరించుకునేవాళ్ళు.

ఆ మరుసటి చలికాలం, వేరే ఊళ్ళో ఒక పాత మందిరం కప్పు మీది బొమ్మలు ఊడిపోతున్నాయని కబురొచ్చింది. వెళ్ళాల్సిన రోజు పొద్దున అన్నయ్య ఎడమ చెయ్యి లాగుతోందన్నాడు. వదిన నూనె రాసింది, సంచీ సర్దింది. నేను మెట్ల మీద నిలబడి ఉన్నాను. అన్నయ్య చెప్పులేసుకుని కూడా గుమ్మంలోనే ఆగాడు. ఎప్పుడూ “వెళ్ళొస్తా” అనే మనిషి ఆ రోజు “వెళ్ళనా?” అన్నాడు.

“వెళ్ళకపోతే ఎలా? ఆ కప్పు ఎప్పుడు కూలుతుందో ఏమో. అక్కడ మనుషులు మీకోసం ఎదురుచూస్తుంటారు” అంది వదిన. కోటు పై గుండీ పెట్టి పంపించింది.

మర్నాడు సాయంత్రం ఆయన్ని తీసుకొచ్చారు. పరంజా మీదే గుండె ఆగిపోయిందట. ఆ కప్పు కూడా కొన్నాళ్ళకి కూలిపోయింది. దానికోసం పోయిన మనిషి కూడా దాన్ని నిలబెట్టలేకపోయాడు.

కొన్నేళ్ళు గడిచాయి. నేనూ వదినా ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద, అవసరమైన మాటలు మాట్లాడుకుంటూ బతికాం.

అప్పుడు ఒక ముసలాయన నా దగ్గరికి ఒక పటం తెచ్చాడు. ఓడలో వంట చేసి రిటైరైన మనిషి. ఫ్రేము మూల విరిగింది, అతికించాలి. లోపల బొమ్మ ఎప్పటిదో అచ్చు బొమ్మ, రంగులు వెలిసిపోయి ఉంది. చూడగానే గుర్తుపట్టాను. మా సేనానే. అసలు బొమ్మ కొత్తగా ఉన్నప్పుడు చూసి అచ్చువేసి అమ్మినది. వాళ్ళ తాతల నాటినుంచీ ఇంట్లో ఉందట. నాకు సంతోషం ఆగలేదు. ముసలాయన్ని కూచోబెట్టి, పటం పట్టుకుని పరిగెత్తాను.

“వదినా, ఇది చూడు. మనదే.”

వదిన కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి భూతద్దం పెట్టింది. దాన్ని బొమ్మ మధ్యలోనే అటూ ఇటూ జరుపుతూ ఉంది.

“ఏమైంది?”

“కౌగిలి కాదు” అంది.

భూతద్దం నాకిచ్చింది. ఆ అచ్చు బొమ్మలో ఆవిడ చేతులు అతని చుట్టూ లేవు, అతని ముందు ఉన్నాయి. వేళ్ళ మధ్య కత్తి వేలాడే నడికట్టు కొసలు రెండూ ఉన్నాయి. ముడి వేస్తోంది. తల వంచుకున్నది ఏడవడానికి కాదు, ముడి చూసుకోవడానికి. బుగ్గ మీద చుక్కా లేదు, ఏమీ లేదు.

“ఆపడం లేదు. తయారుచేసి పంపిస్తోంది” అంది వదిన.

కొరివితో తల గోక్కున్నట్టయింది నాకు. మూల అతికి ఆ పటాన్ని అలాగే ముసలాయన చేతిలో పెట్టి పంపేస్తే ఎవరికి తెలిసేది?

భవనానికి పైఅధికారి ఒకాయన ఉన్నాడు. మాటకి ముందూ వెనకా “సరే సరే” అంటాడని చాటుగా ‘సరేసరి’ అంటాం. వదిన ఆ పటం ఫొటో తీయించి ఆయనకి చూపించింది. నేనూ వెంట వెళ్ళాను, ఆయన వద్దంటాడేమోనన్న ఆశతో.

“సరే సరే, చూశానమ్మా. కానీ ఇప్పుడెందుకు? జనం వచ్చేదే ఆ చుక్క కోసం. అచ్చు వేసినవాడే తప్పు వేశాడనుకుందాం.”

“నడికట్టు కొస అసలు బొమ్మలోనే ఉందండి. ఆవిడ మోచేతి కింద. మేం గుడ్డ మడత అనుకున్నాం” అంది వదిన.

ఆయన నావైపు చూశాడు, వదినవైపు చూశాడు. ఆ చేతులు వేసిందెవరో ఆయనకీ తెలుసు. “నేనైతే ముట్టుకోమనను. ముట్టుకోవద్దనీ అనను. మీ ఇష్టం. సరే సరే” అన్నాడు.

అంటే ఎవరూ బలవంతపెట్టలేదన్నమాట. అది నన్ను ఇంకా కాల్చింది. ఇంటికొచ్చాక వంటింట్లో అడిగేశాను.

“ఆయనే ముట్టుకోమనలేదుగా, నీకెందుకు వదినా?”

“తప్పు వేశాం. తెలిసింది. తెలిశాక ఉంచితే అబద్ధం.”

“అన్నయ్య చేతిపని ఇంకెక్కడుంది? ఆ కప్పు కూలిపోయింది. మిగతావన్నీ గోరంత గోరంత అతుకులు. ఇది మా అన్నయ్య వేశాడు అని వేలు పెట్టి చూపించడానికి నాకు ఇదొక్కటే ఉంది. దీన్నీ నీ చేత్తోనే తుడిచేస్తావా?”

“నా చేత్తోనే. ఇంకొకళ్ళు తుడుస్తుంటే చూడలేను.”

“ఒకసారి సాగనంపావు, చాలదా?”

వదిన పొయ్యి ఆర్పింది.

“ఈ మాట ఎన్నాళ్ళ నుంచి దాచుకున్నావు?”

“ఆయన పోయిన దగ్గర్నుంచి.”

“మంచిదే. అనేశావు.” నా కంచంలో వడ్డించింది, తన కంచంలో వడ్డించుకుంది. ఇద్దరం ముట్టుకోలేదు. తనే మళ్ళీ మొదలుపెట్టింది.

“ఆ బొమ్మ ముందు నుంచి రోజూ వెళ్తాను. ‘ఎంత గట్టిగా పట్టుకుందో పాపం’ అంటారు జనం. నా చేతులే కదా అవి. బొమ్మ కోసం పట్టుకోమంటే పట్టుకున్నాను, అదీ విసుక్కుంటూ. అసలు రోజున గుండీ పెట్టి పంపించాను. నేను ఇవ్వలేదు కాబట్టి ఆయన వేసుకున్నాడు. ఆ చుక్క కూడా అంతే. నా మొహం మీద ఎప్పుడూ చూడలేదని అక్కడ పెట్టుకున్నాడు. నాకు ఆ రోజే తెలుసు. అందుకే ఊరుకున్నాను.”

“అయితే చూడలేక తుడిచేస్తున్నావా?”

“కాదమ్మాయ్. నాకోసమైతే ఉంచుకునేదాన్ని. నేనాయన్ని పట్టుకున్నట్టు ఇంకెక్కడుంది?”

కోపం పోయిందని చెప్పను. కానీ ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు.

బొమ్మని కిందికి దించారు. పై వార్నిష్‌ని వదిన మందు పెట్టి తీసేసింది. ఇంక మిగిలింది నీటిరంగు. దానికి మందులు వాడం. సన్నటి పుల్లకి దూది చుట్టి, నోట్లో తడిపి, మెల్లగా దొర్లిస్తాం. ఉమ్ములో ఉన్న గుణం నీళ్ళకి లేదు, పక్కనున్న పాత రంగుకి హాని చెయ్యకుండా మురికినీ నీటిరంగునీ లాగేస్తుంది. ఒకసారి వాడిన దూది పారేసి మళ్ళీ కొత్తది చుట్టాలి. ఎన్నో ఏళ్ళుగా రోజూ చేసే పనే. ఆ రోజు మాత్రం చూడలేకపోయాను.

నా బల్ల దగ్గర కూచుని, అక్కర్లేని ఫ్రేముకి మేకులు కొడుతూ ఉన్నాను. అత్త మీద కోపం దుత్త మీద తీసినట్టు గట్టిగా కొట్టాను. వదిన తిరిగి చూడలేదు. కన్నీటిచుక్క ఒక్క దొర్లింపుతో పోయింది, కింద తెల్లటి లప్పం కనపడింది. తర్వాత మణికట్లు. తర్వాత ఎడమ చెయ్యి. పళ్ళెంలో వాడేసిన దూది ఉండలు లేత గోధుమరంగులో పేరుకున్నాయి. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి ఆ పళ్ళెం మీద పడింది. నేను మేకులు కొట్టడం మానేశాను.

కుడిచేతికి వచ్చాక వదిన చెయ్యి నెమ్మదించింది. ఒక పుల్ల నోట్లో పెట్టుకుంది, తీసింది, చూసింది, మళ్ళీ పెట్టుకుంది. లేచి మంచినీళ్ళు తాగొచ్చింది. మళ్ళీ పుల్ల నోట్లో పెట్టుకుంది. దూది పొడిగానే వచ్చింది.

“అమ్మాయ్” అని పిలిచింది. “నోరు ఎండిపోయింది. ఎంత చేసినా తడి రావడం లేదు. నువ్వు రా.”

రానని చెప్పేదాన్నే. నా నోటితో మా అన్నయ్య రంగు తుడవమంటుందా అనుకున్నాను. కానీ ఆవిడ వైపు చూశాక కాళ్ళు వాటంతటవే లేచాయి. పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. పుల్ల పట్టుకున్న చెయ్యి గాల్లో అలాగే ఉంది, దించడం మర్చిపోయింది.

చెయ్యంతా పోయింది, ఆ వంకర చిటికెనవేలు ఒక్కటే మిగిలింది. అదెవరి వేలో, ఎందుకు వంకరపోయిందో ఈ లోకంలో తెలిసినవాళ్ళం ఇద్దరమే. అన్నయ్య దాని గోటి మీద కాస్త వెలుగు పెట్టాడు. అంత దగ్గర్నించి నేనెప్పుడూ చూడలేదు. ఎంత శ్రద్ధగా వేశాడో.

కొత్త పుల్లకి దూది చుట్టి నోట్లో పెట్టుకున్నాను. తడిపాను. వేలి కొస నించి మొదలుపెట్టి దొర్లించాను. గోటి మీది వెలుగు ముందు పోయింది. తర్వాత వేలు. నాకు కళ్ళనిండా నీళ్ళు, బొమ్మ మీద పడతాయేమోనని మొహం పక్కకి తిప్పుకుంటూ తుడిచాను. వదిన నా భుజం పక్కనే నిలబడి, కళ్ళార్పకుండా అంతా చూసింది. పని పూర్తయ్యేసరికి ఇద్దరు మనుషుల మధ్య తెల్లటి ఖాళీ మిగిలింది.

పుల్ల పళ్ళెంలో పెట్టాను. అప్పుడడిగింది వదిన.

“ఆ రోజు ఉండిపోండి అంటే ఉండేవాడా?”

ఈ ప్రశ్నకి జవాబు నా దగ్గర ఎప్పటినుంచో ఉంది. ఆవిడ అడగకపోయినా ఎన్నోసార్లు మనసులో ఆవిడ మొహాన కొట్టాను. ‘ఉండేవాడు, నువ్వొక్క మాటంటే ఉండేవాడు’ అని. ఇప్పుడు తనే నోరు తెరిచి అడిగింది.

“ఉండేవాడు కాదు వదినా. ఎవరు చెప్పినా వినే రకం కాదుగా” అన్నాను.

మా అన్నయ్య ఎవరేం చెప్పినా వినే రకం. అది ఆవిడకన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు. వదిన నా మొహంలోకి చూసింది. నా భుజం మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే ఉంచింది.

“ఉండేవాడు” అంది. “అడగడానికే ఆగాడు.”

వదిన స్టూలు లాక్కుని ఆ తెల్లటి ఖాళీకి ఎదురుగా కూచుంది. రంగులు తియ్యలేదు, బ్రష్షు ముట్టుకోలేదు. భవనం మూసేస్తున్నామని గంట కొట్టారు. కాపలా మనిషి వచ్చి రెండుసార్లు తొంగిచూసి పోయాడు. సగంలో పని వదిలేసి ఆవిడ అలా కూచోవడం ఆ గదిలో ఎవరూ ఎరగరు. నేను పక్కన నేల మీద కూచున్నాను. లేద్దామని ఇద్దరం అనలేదు.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికే వచ్చి పనిలో ఉంది. అచ్చు బొమ్మ ఫొటో పక్కన పెట్టుకుని, అందులో ఎలా ఉందో అలాగే ముడి వేసింది. గట్టి ముడి.